పాత కారుకు ఐదవ గేరు - ఒక విమర్శ

ఇంగ్లండులోని ఆబింగ్‌డన్ పట్టణంలో 1962 మొదలు 1980 వరకు ఎం.జి.బి. అనే చిన్న కారు తయారయినది. కప్పు తీసివేయడానికి వీలున్న రకం, కప్పు బిగించిన రకం కలిపి ఐదు లక్షలకు పైగా నిర్మించారు. కర్మాగారం మూతపడి నాలుగు దశాబ్దాలు దాటినా, వాటిలో వేలకొలది కార్లు నేటికీ రోడ్లమీద తిరుగుతున్నవి. వాటి యజమానులలో చాలామంది ఇటీవలి కాలంలో ఒక మార్పు చేయించుకుంటున్నారు. కారుతోపాటు పుట్టిన నాలుగు గేర్ల బాక్సును తీసివేసి, మరొక కారు కొరకు తయారయిన ఐదు గేర్ల బాక్సును దాని స్థానంలో బిగిస్తున్నారు. ఇందుకు కావలసిన సామగ్రి అంతా ఒక కట్టగా దుకాణాలలో దొరుకుతుంది.

ఈ మార్పును మెచ్చుకొనేవారు నాలుగు లాభాలు చెబుతారు: వేగం పెరుగుతుంది, పెట్రోలు ఆదా అవుతుంది, ఇంజను అరుగుదల తగ్గుతుంది, నడపడం సులువవుతుంది. ఈ నాలుగింటిలో మొదటిది తప్పు. రెండవది సగం నిజం. మిగిలిన రెండూ ఏ కారులో ఏ బాక్సు ఉండేదన్న సంగతిమీద ఆధారపడి ఉంటవి.

తెలుగు పాఠకులకు ఈ కారు పరాయిదిగా తోచవచ్చును గాని, దాని ఇంజను అంత పరాయిది కాదు. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారు ‘బి-శ్రేణి’ అని పిలిచిన ఇంజన్ల కుటుంబంలోనివే ఎం.జి.బి.లోని 1,798 ఘన సెంటీమీటర్ల ఇంజను, మన అంబాసిడరును దీర్ఘకాలం లాగిన 1,489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను. ఒకే ఇంటి అన్నదమ్ములని చెప్పవచ్చును. కనుక అక్కడి లెక్క ఇక్కడి విద్యార్థికి కూడా పనికివచ్చేదే.

ముందుగా గేరు బాక్సు చేసే పని ఏమిటో స్పష్టం కావాలి. పెట్రోలు ఇంజను మరీ నెమ్మదిగా తిరిగితే ఆగిపోతుంది; మరీ వేగంగా తిరిగితే ఊపిరాడదు. ఈ రెండు హద్దుల మధ్యనే అది బాగా పనిచేస్తుంది. చక్రాలకేమో బయలుదేరేటప్పుడు పెద్ద తోపు, నెమ్మది చలనం కావాలి. రహదారిమీద చిన్న తోపు, వడి చలనం చాలు. చిన్న పళ్ళచక్రం పెద్ద పళ్ళచక్రాన్ని తిప్పినప్పుడు చుట్లు తగ్గి, తిప్పే బలం, అనగా టార్కు, అదే నిష్పత్తిలో పెరుగుతుంది. టార్కును చుట్ల వేగంతో గుణించగా వచ్చే సామర్థ్యం మాత్రం పెరగదు. గేరు బాక్సు ఒక దళారి వంటిది. సరుకు పుట్టించదు, మారకం మాత్రం చేస్తుంది. ఆ మారకంలో ఘర్షణరూపంగా కొంత దళారీ కూడా పుచ్చుకుంటుంది. ఈ ఒక్క మాట గుర్తుంటే ఐదవ గేరును గురించిన ప్రచారంలో సగం దానంతటదే రాలిపోతుంది.

ఇక అంకెలు. 1967 చివరి నుంచి తయారయిన ఎం.జి.బి. బాక్సులో గేరు నిష్పత్తులు వరుసగా 3.44, 2.167, 1.382, 1.00. అనగా మొదటి గేరులో ఇంజను 3.44 చుట్లు తిరిగితే బాక్సు వెనుక షాఫ్టు ఒక చుట్టు తిరుగుతుంది. నాలుగవ గేరులో రెండూ సమానం. ఆ తరువాత వెనుక ఇరుసులోని డిఫరెన్షియల్ దగ్గర 11 పళ్ళ చక్రం 43 పళ్ళ చక్రాన్ని తిప్పుతుంది కనుక, మరల 3.909 రెట్లు చుట్లు తగ్గుతవి. నాలుగవ గేరులో ఇంజను నిమిషానికి 1,000 చుట్లు తిరిగితే కారు గంటకు 17.9 మైళ్ళ వేగంతో పోతుంది.

ఈ కారులో ఎక్కువగా బిగించే ఐదు గేర్ల బాక్సు ఫోర్డు కంపెనీ 1980లలో సియెరా వంటి కార్లలో వాడిన ‘టైప్ 9’ రకం. దాని నిష్పత్తులు 3.65, 1.97, 1.37, 1.00, 0.82. ఐదవ గేరులో ఇంజను 0.82 చుట్టు తిరిగేసరికే వెనుక షాఫ్టు పూర్తి చుట్టు తిరుగుతుంది. బ్రిటనులో పెద్ద రహదారులమీద అనుమతించిన గరిష్ఠ వేగం గంటకు 70 మైళ్ళు, అనగా సుమారు 113 కిలోమీటర్లు. ఆ వేగంలో నాలుగవ గేరుమీద ఇంజను నిమిషానికి సుమారు 3,910 చుట్లు తిరగాలి. ఐదవ గేరుమీద సుమారు 3,210 చాలును. నిమిషానికి 700 చుట్లు మిగిలితే గంటకు 42,000. చెవికి హాయి, బేరింగులకు, పిస్టన్లకు హాయి. అరుగుదల తగ్గుతుందన్న మాటలో ఇంతవరకు సత్యమున్నది.

వేగం పెరుగుతుందన్న మాట సంగతి వేరు. ఈ ఇంజను నిమిషానికి 5,400 చుట్ల వద్ద 95 అశ్వశక్తుల గరిష్ఠ సామర్థ్యమిస్తుంది. ఐదవ గేరులో 5,400 చుట్లు తిరిగితే కారు వేగం గంటకు 118 మైళ్ళుగా లెక్కకు వస్తుంది. కాగితంమీద ఇది చూసి మురిసేవారున్నారు. కాని గాలి నిరోధాన్ని జయించడానికి కావలసిన సామర్థ్యం వేగం యొక్క ఘనాన్ని బట్టి పెరుగుతుంది. వేగం పదింట ఒక వంతు పెరిగితే కావలసిన సామర్థ్యం సుమారు మూడింట ఒక వంతు పెరుగుతుంది. ఈ కారు 105 మైళ్ళ ప్రాంతంలోనే తనకున్నదంతా ఖర్చుపెట్టి ఆగిపోతుంది. గేరు మార్చినంత మాత్రాన 96వ అశ్వశక్తి పుట్టదు. కనుక ‘ఐదవ గేరు వేగం కొరకు’ అని తరగతిలో చెప్పే అలవాటు ఉంటే దానిని మానుకోవడం మంచిది. ఈ కారులో ఐదవ గేరు విశ్రాంతి కొరకు.

పెట్రోలు ఆదా అన్న మాట సగం నిజమన్నాము గదా. చుట్లు నూటికి 18 తగ్గినవి గనుక పెట్రోలు కూడా నూటికి 18 తగ్గుతుందని కొందరు లెక్క కడతారు. ఇది కూలీల సంఖ్య తగ్గింది గనుక మోయవలసిన బరువు తగ్గిందనుకోవడం వంటిది. 70 మైళ్ళ వేగంలో గాలి, టైర్లు కోరే సామర్థ్యం ఏ గేరులోనైనా ఒకటే. చుట్లు తగ్గితే ప్రతి చుట్టుకు ఇంజను చేయవలసిన పని 1.22 రెట్లు పెరుగుతుంది. అందుకు యాక్సిలరేటరు మరికొంత తొక్కవలసి ఉంటుంది. అయితే కొంత ఆదా ఉన్న మాట వాస్తవమే. చుట్లు తగ్గినందున ఇంజను లోపలి ఘర్షణ తగ్గుతుంది. కార్బురేటరు ద్వారం మరికాస్త తెరుచుకున్నందున, ఇరుకు సందులోనుంచి గాలిని పీల్చుకొనే శ్రమ కూడా తగ్గుతుంది. మిగిలేది ఈ రెండు నష్టాలలోని తగ్గుదల మాత్రమే. అది 18కి చాలా తక్కువగా ఉంటుంది. కొత్త బాక్సుకు పెట్టిన ఖర్చును ఈ ఆదాతో రాబట్టుకోవాలంటే, ఏడాదికి కొద్దిపాటి దూరం తిరిగే పాత కారుకు ఒక జీవితకాలం చాలకపోవచ్చును.

ఐదవ గేరులో తోపు కూడా తగ్గుతుంది. విద్యార్థులు దీనిని తేలికగా లెక్కించవచ్చును. ఇంజను గరిష్ఠ టార్కు సుమారు 150 న్యూటన్-మీటర్లు, చక్రం వ్యాసార్థం సుమారు 30 సెంటీమీటర్లు. నష్టాలను వదిలివేస్తే నాలుగవ గేరులో రోడ్డుమీద తోపు సుమారు 1,950 న్యూటన్లు, ఐదవ గేరులో 1,600. మనిషితో కలిపి వెయ్యి కిలోల బరువున్న కారు పదికి ఒకటి చొప్పున వాలిన గట్టు ఎక్కడానికే 980 న్యూటన్లు ఖర్చు. గాలి నిరోధం అదనం. కనుక గట్టు వచ్చినప్పుడు ఐదవ గేరు వదలక తప్పదు. దిగేటప్పుడు కూడా, ఇంజను పట్టు తగ్గుతుంది గనుక, భారమంతా బ్రేకులమీద పడుతుంది. ఘాటు రోడ్డు ఎరిగిన డ్రైవరుకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

ఇప్పుడు అసలు అభ్యంతరం. ఈ కారుకు 0.82 నిష్పత్తి కొత్తది కాదు. కొనేవారు కోరితే ‘ఓవర్‌డ్రైవ్’ అనే అదనపు యంత్రాన్ని కర్మాగారం వారే బాక్సు వెనుక అమర్చి ఇచ్చేవారు. దీనిని కనిపెట్టిన వాడు ఎడ్గర్ ద నార్మన్‌విల్. తయారుచేసినది షెఫీల్డులోని లేకాక్ కంపెనీ. సూర్యుని చుట్టూ గ్రహాలవలె ఒక నడిమి చక్రం చుట్టూ చిన్న చక్రాలు, వాటన్నిటిని చుట్టి ఒక వలయ చక్రం ఉంటవి. నూనె పీడనంతో పనిచేసే శంఖువు ఆకారపు క్లచ్ నడిమి చక్రాన్ని కదలకుండా పట్టివేస్తే, వలయ చక్రం లోనికి వచ్చిన వేగం కన్న ఎక్కువ వేగంతో తిరుగుతుంది. డ్రైవరు చేయవలసిన పని ఒక చిన్న స్విచ్చి నొక్కడం. క్లచ్ పెడలు తొక్కనక్కరలేదు. 1967 తరువాతి కార్లలో ఈ యంత్రం నిష్పత్తి 0.82. ఫోర్డు బాక్సులోని ఐదవ గేరు నిష్పత్తి కూడా అదే!

అంతేగాదు. ఓవర్‌డ్రైవ్ చాలా కాలం మూడవ గేరుమీద కూడా పనిచేసేది. చివరి సంవత్సరాలలో మాత్రమే దానిని నాలుగవ గేరుకు పరిమితం చేశారు. 1.382ను 0.82తో గుణిస్తే 1.133. అనగా ఆ డ్రైవరు చేతిలో 3.44, 2.167, 1.382, 1.133, 1.00, 0.82 అనే ఆరు మెట్లుండేవి. అటువంటి కారులోనుంచి బాక్సు తీసి ఐదు గేర్లది పెట్టినవాడు ఆరు ఇచ్చి ఐదు పుచ్చుకున్నాడు. పైపెచ్చు డబ్బు కూడా ఇచ్చాడు. ఓవర్‌డ్రైవ్ చెడిపోతే బాగుచేయడం కష్టమని ఒక సమాధానం చెబుతారు. అది ఎరిగిన పనివారు తగ్గిపోతున్న మాట నిజమే. కాని అందులో తరచు కనిపించే లోపాలు మురికి నూనె, తెగిన తీగ, అంటుకోని స్విచ్చి వంటివి. మాట వినని స్విచ్చి కొరకు బాక్సునే మార్చడం వైద్యమనిపించుకోదు.

ఓవర్‌డ్రైవ్ లేకుండా అమ్ముడుపోయిన కార్ల విషయంలో ఈ వాదం నిలవదు. వాటికి ఐదవ గేరు నిజంగా కొత్త వరమే. అయినా మెట్ల మధ్య దూరాలను పరిశీలించాలి. పాత బాక్సులో మొదటి గేరు నుంచి రెండవ గేరుకు దిగుడు 3.44ను 2.167తో భాగించగా 1.59; రెండు నుంచి మూడుకు 1.57, మూడు నుంచి నాలుగుకు 1.38. అడుగులు క్రమంగా చిన్నవవుతున్నవి. ఇది మంచి పొందిక. ఫోర్డు బాక్సులో మొదటి అడుగే 1.85. తరువాత 1.44, 1.37, 1.22. ఇంజను 5,000 చుట్లు తిరుగుతుండగా మొదటి గేరు నుంచి రెండవదానికి మారిస్తే, పాత బాక్సులో చుట్లు 3,150కి దిగుతవి. కొత్త బాక్సులో 2,700కు పడిపోతవి. మొదటి గేరు మరీ పొట్టిది, రెండవది మరీ పొడుగుది. మేడమెట్లలో మొదటి మెట్టు మోకాలెత్తు కట్టి, మిగిలినవి జానెడేసి కట్టినట్లున్నది. ఇది ఫోర్డువారి తప్పు కాదు. వారు ఆ మెట్లు కట్టినది తమ కుటుంబ కారు కొరకు, నలుగురు మనుషులతో, సామానుతో కదలవలసిన బండి కొరకు. ఒకరి కాలి కొలతకు కుట్టిన చెప్పులు మరొకరు తొడిగితే వచ్చే చిక్కే ఇదీను. ఈ లోపాన్ని సవరించడానికి మొదటి గేరు చక్రాలను వేరుగా చేసి అమ్మేవారున్నారు. ఖర్చు ఆ మేరకు పెరుగుతుంది.

1989లో వచ్చిన జపాను కారు మాజ్దా ఎం.ఎక్స్-5 బాక్సును వాడేవారు కూడా ఉన్నారు. దాని నిష్పత్తులు 3.136, 1.888, 1.330, 1.00, 0.814. మొదటి అడుగు 1.66. తేలికపాటి ఇద్దరు మనుషుల కారు కొరకే పుట్టినది గనుక ఎం.జి.బి. స్వభావానికి ఇది దగ్గర. ఎంపిక ఒక్కటే అయితే దీనికే ఎక్కువ మార్కులు వేయవలసి ఉంటుంది. అయితే మాజ్దాలో ఈ బాక్సును వెనుక డిఫరెన్షియల్‌తో ఒక పొడవాటి లోహపు చట్రం కలిపి ఉంచుతుంది. ఎం.జి.బి.లో ఆ చట్రం లేదు. బాక్సు బరువు మోయడానికి వేరే ఆధారం కల్పించాలి.

బిగించే పనిలోనే భౌతికశాస్త్రం ఎక్కువగా కనిపిస్తుంది; ప్రచార పత్రాలు మాత్రం దీనిని నాలుగు ముక్కలలో తేల్చివేస్తవి. ఇంజనుకు, బాక్సుకు నడుమ క్లచ్‌ను కప్పే గంట ఆకారపు పోతను బెల్ హౌసింగ్ అంటారు. ఫోర్డు బాక్సు బోల్టుల రంధ్రాలు ఎం.జి.బి. ఇంజను రంధ్రాలతో కలవవు గనుక కొత్త పోత కావాలి. క్లచ్ పలక నడిమి గాడులు కొత్త షాఫ్టుకు సరిపోవాలి. ఆ షాఫ్టు ముందు కొన ఇంజను క్రాంక్ షాఫ్టు చివర ఉన్న చిన్న బుష్‌లో తిరుగుతుంది, దానినీ మార్చాలి. ఇంతా చేసి రెండు షాఫ్టుల కేంద్రరేఖలు ఒకదానితో ఒకటి ఏకీభవించకపోతే, ప్రతి చుట్టుకు ఒకసారి షాఫ్టు వంగి తేరుకుంటుంది. నిమిషానికి మూడు వేలసార్లు ఈ శిక్ష అనుభవించిన బేరింగు ఎంతకాలం బ్రతుకుతుంది? కారు కదిలింది, గేర్లు పడినవి అని సంతోషించిన యజమానికి ఈ లోపం నెలల తరువాత గాని వినిపించదు. డయల్ గేజితో కొలవకుండా కంటితో చూసి బిగించే పనివాడికి ఈ పని అప్పగించరాదు.

వెనుక ఇరుసుకు పోయే ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు కూడా మార్చాలి. దాని రెండు చివరల ఉండే కీళ్ళ విషయం పాఠ్యపుస్తకాలలో హుక్ కీలు అన్న పేరుతో కనిపిస్తుంది. కీలు వంగి ఉన్నప్పుడు ఒకవైపు సమవేగంతో తిప్పినా రెండవవైపు సమవేగంతో తిరగదు. పది డిగ్రీల వంపు ఉంటే, ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం నూటికి ఒకటిన్నర పెరిగి, రెండుసార్లు అంతే తగ్గుతుంది. రెండు చివరల వంపులు సమానంగా ఉంటేనే ఒకదాని హెచ్చుతగ్గులను రెండవది సరిచేస్తుంది. కొత్త బాక్సును ఒక అంగుళం ఎత్తుగానో పల్లంగానో బిగిస్తే ఈ సమానత్వం పోతుంది. వణుకు పుడుతుంది, టైర్లను అనుమానిస్తారు. స్పీడామీటరు కేబులు కూడా బాక్సులోనుంచే వస్తుంది గనుక, దాని లెక్క సవరించకపోతే ముల్లు అబద్ధం చెబుతుంది. పాత గేరు కడ్డీ బయటికి వచ్చే రంధ్రానికి కొత్త కడ్డీ సరిపోకపోతే కొందరు రంపం తీసుకొని కారు నేలను కోస్తారు. ఇంతవరకు చెప్పిన తప్పులన్నీ దిద్దుకోదగినవి. ఇది అంత తేలికగా దిద్దుకొనేది కాదు.

నడపడంలో సులువు మాట ఒకటి మిగిలినది. 1967 వరకు తయారయిన ఎం.జి.బి.లలో మొదటి గేరుకు సింక్రోమెష్ లేదు. సింక్రోమెష్ అనగా, పళ్ళు కలవకముందే రెండు శంఖువులు ఒరుసుకొని తిరిగే భాగాల వేగాలను సమం చేసే ఏర్పాటు. అది లేని గేరులోనికి కదిలే కారులో దిగాలంటే, డ్రైవరు క్లచ్‌ను రెండుసార్లు తొక్కి, నడుమ యాక్సిలరేటరుతో వేగాలను తానే సమం చేయాలి. పాత అంబాసిడరును స్టీరింగు పక్కనున్న గేరు కడ్డీతో నడిపినవారికి ఆ మొదటి గేరు చేసే గరగర జ్ఞాపకముండే ఉంటుంది. కొత్త బాక్సు ఈ శ్రమ తప్పిస్తుంది. దానితోపాటు, 1960ల డ్రైవరు చేతికి, కాలికి, చెవికి ఎంత చదువు కావలసి వచ్చేదో చూపే సాక్ష్యాన్ని కూడా తీసివేస్తుంది. రోజూ ఉద్యోగానికి పోయే బండిలో ఈ నష్టాన్ని లెక్కించనక్కరలేదు. ప్రదర్శనలో పిల్లలకు చూపే బండిలో లెక్కించాలి.

అంబాసిడరుకు కూడా ఇటువంటి మార్పు జరిగినది, అయితే వేరు విధంగా. 1990ల తొలి సంవత్సరాలలో హిందుస్థాన్ మోటార్స్ వారే జపాను ఇసుజు కంపెనీ 1.8 లీటర్ల ఇంజనును, ఐదు గేర్ల బాక్సును, నేలమీది గేరు కడ్డీని కలిపి అంబాసిడరు 1800 ఐ.ఎస్.జెడ్. అన్న పేరుతో విడుదల చేశారు. 1950ల మోరిస్ ఆక్స్‌ఫర్డు శరీరంలో కొత్త గుండె, కొత్త కీళ్ళు ఒకేసారి అమరినవి. ఇంజను, బాక్సు ఒకదానికొకటి ఎరిగినవి కావడంచేత, పైన చెప్పిన అతుకుల చిక్కు అందులో తక్కువ. ఆ కారు ఆ రూపంలోనే పుట్టినది గనుక దానిలో ఐదవ గేరే అసలు గేరు. దానిని ఉదాహరణగా చూపి 1960ల అంబాసిడరులో అదే బాక్సు దూర్చడం సమర్థనీయమనేవారు, పుట్టుకకు, దత్తతకు గల భేదాన్ని మరచిపోతున్నారు.

చారిత్రక వాహనాల అంతర్జాతీయ సమాఖ్య 2012లో ట్యూరిన్ పత్రం అనే మార్గదర్శకాన్ని ఆమోదించినది. పాత వాహనంనుంచి తీసివేసిన అసలు భాగాలను ఆ వాహనంతోపాటే భద్రపరచాలని అందులో సలహా ఉన్నది. భారతదేశంలో 2021లో చేసిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషను జరిగి యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలోనే ఉన్న సొంత వాడకపు వాహనాలను వింటేజి వాహనాలుగా నమోదు చేస్తారు. చాసిస్, బాడీ, ఇంజనులలో మార్పులు చేసి ఉండరాదని ఆ నిబంధన పేరుపెట్టి చెబుతున్నది. గేరు బాక్సు పేరు అందులో లేదు. ఆ మౌనాన్ని అనుమతిగా తీసుకోదలచినవారు ‘అసలు రూపం’ అన్న మాటను కూడా చదువుకోవాలి.

కనుక తీర్పు కారును బట్టి వేర్వేరుగా ఉంటుంది. ఓవర్‌డ్రైవ్ లేని 1967 తరువాతి కారుకు, నేలను కోయకుండా, కేంద్రరేఖలు కొలిచి, మాజ్దా బాక్సునుగాని సవరించిన ఫోర్డు బాక్సునుగాని బిగిస్తే అది తప్పనడానికి వీలులేదు. ఓవర్‌డ్రైవ్ ఉన్న కారుకు ఆ పని వృథా. మొదటి గేరుకు సింక్రోమెష్ లేని తొలినాటి కార్లను మాత్రం ముట్టుకోకుండా ఉంచడమే ఉచితం. అవి నానాటికి తగ్గిపోతున్నవి. ఏ సందర్భంలోనైనా తీసిన బాక్సుకు నూనె పట్టించి, ఏ కారులోనుంచి ఏ తేదీన తీసినదీ రాసిన చీటీ కట్టి, పొడిగా ఉన్న చోట, ఆ కారున్న ఇంటిలోనే ఉంచాలి.